చిల్లర దాచి అరకు వెళ్లే యాప్: మొదటి నుంచి ఎలా చేయాలి

విశాఖలో, గాజువాక దగ్గర షేర్ ఆటోకి 20, జగదాంబ దగ్గర టీకి 15, ఎంవీపీ రైతుబజారులో కూరగాయలకి 68. అన్నీ ఫోన్‌తోనే కొట్టేస్తున్నాం. జేబులో చిల్లర మిగిలే రోజులు పోయాయి, ఇంట్లో డిబ్బీ ఖాళీగా పడి ఉంది. ప్రతి చెల్లింపునూ పై పదికి సర్ది, ఆ తేడాను అరకు టికెట్ కోసమో తిరుపతి ప్రయాణం కోసమో పక్కకు తీసే యాప్ చేస్తే బాగుంటుందని చాలామందికి తోస్తుంది. ఆలోచన పాతదే. బ్యాంక్ ఆఫ్ అమెరికా 2005లోనే ‘కీప్ ద చేంజ్’ పేరుతో కార్డు ఖర్చుల చిల్లరను పొదుపు ఖాతాకి మళ్లించింది. మన దేశంలో జార్ యాప్ అదే చిల్లరతో డిజిటల్ బంగారం కొనిపిస్తోంది. మీరు చేయాల్సిన కొత్త పనల్లా దాన్ని ప్రయాణానికీ, మన ఖర్చుల తీరుకీ అతికేలా మలచడం.

ఆండ్రాయిడ్ యాప్ ఒకటైనా ఎప్పుడో కట్టిన వాళ్లను దృష్టిలో పెట్టుకుని రాస్తున్నాను. ఫ్లట్టర్ అయినా కోట్లిన్ అయినా పర్వాలేదు. ఫిన్‌టెక్ వ్యాలీ అని 2016లో పెద్ద హడావిడి జరిగిన ఊరు మనది, కోడ్ రాయగలిగే వాళ్లకి ఇక్కడ కరువు లేదు. ఈ యాప్‌లో కోడ్ చిన్నది. డబ్బు సంగతే పెద్దది, అందుకే అక్కడినుంచే మొదలుపెడదాం.

1. డబ్బు ఎక్కడ ఉంటుందో ముందు తేల్చుకోండి

‘అందరి చిల్లరా నా ఖాతాలో వేయించుకుంటాను, ఎవరిది ఎంతో యాప్‌లో చూపిస్తాను, ప్రయాణం నాటికి తిరిగి ఇచ్చేస్తాను’ అనుకుంటే అక్కడే ఆగిపోండి. చట్టం దాన్ని డిపాజిట్ల సేకరణ అంటుంది. అనుమతి లేని డిపాజిట్ పథకాలను నిషేధిస్తూ కేంద్రం 2019లో చట్టం తెచ్చింది, అందులో జైలు శిక్ష కూడా ఉంది. వాడుకున్నది వంద మందేనని, ఒక్కొక్కరిదీ రెండు వేలేనని చెప్పినా లాభం లేదు.

పోనీ వాలెట్ పెడదామంటే రిజర్వ్ బ్యాంకు అనుమతి కావాలి. దరఖాస్తు పెట్టేనాటికి కంపెనీకి 5 కోట్ల రూపాయల నికర విలువ ఉండాలి, మూడో ఆర్థిక సంవత్సరం ముగిసేసరికి అది 15 కోట్లకు చేరాలి. ఇంత చేసినా వాలెట్‌లో ఉన్న డబ్బుకి వడ్డీ ఇవ్వడానికి లేదు. కాలేజీ ప్రాజెక్టుగానో, ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాల్లోనో ఈ పని చేసేవాళ్లకి అది అందే వ్యవహారం కాదు.

డిజిటల్ బంగారం వినడానికి బాగుంటుంది. కొన్న రోజే 3 శాతం జీఎస్టీ పోతుంది, కొనే ధరకీ అమ్మే ధరకీ మధ్య తేడా మళ్లీ వేరే. నాలుగు వేలు దాచిన మనిషికి జీఎస్టీ కిందే వందకు పైగా పోతుంది. పదేళ్లు ఉంచుకునేవాళ్ల మాట వేరు గానీ, ఐదు నెలల్లో తీసి రైలు టికెట్ కొనాల్సిన డబ్బుకి ఇది తగదు. పైగా ఈ డిజిటల్ బంగారం తమ నియంత్రణ కిందికి రాదని మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2025 నవంబరులో మదుపరులను హెచ్చరించింది కూడా.

లిక్విడ్ ఫండ్లు, అంటే కొద్దికాలానికి డబ్బు పెట్టుకునే మ్యూచువల్ ఫండ్లు, అంతకంటే నయం. చాలా ఫండ్లలో 50 వేల వరకు, లేదా పెట్టినదాంట్లో 90 శాతం వరకు, ఏది తక్కువైతే అది, అప్పటికప్పుడు వెనక్కి తీసుకోవచ్చు. కానీ మీ యాప్ ద్వారా ఫండ్లు అమ్మించి కమిషన్ తీసుకోవాలంటే పరీక్ష రాసి, మ్యూచువల్ ఫండ్ల సంఘం యాంఫీ దగ్గర డిస్ట్రిబ్యూటరుగా నమోదు కావాలి, యూజర్ కేవైసీ చేయించాలి. మొదటి యాప్‌కి ఇంత బరువు వద్దు.

మిగిలిన దారి అన్నిటికంటే సాదాగా ఉంటుంది: యూజర్ సొంత పేరు మీదే ఉన్న రెండో సేవింగ్స్ ఖాతా. డబ్బు ఆయన ఒక ఖాతా నుంచి ఆయన ఇంకో ఖాతాకే వెళుతుంది. మీ చేతికి ఒక్క పైసా తగలదు. ఎంత దాచాలో లెక్క కట్టి గుర్తుచేయడం, ఎంతవరకు వచ్చిందో చూపించడం, ఈ రెండే మీ యాప్ పనులు. వెంకన్నకి ముడుపు కట్టినప్పుడు పసుపు గుడ్డలోని డబ్బు మన ఇంట్లోనే, మన చేతికి అందే చోటే ఉంటుంది. అయినా పాలవాడికి ఇవ్వడానికి దాన్ని విప్పం. ఆ గురి కుదిర్చితే మీ యాప్ పని చేసినట్టే.

యూజర్‌కి మొదటి తెరలోనే మూడు సలహాలు ఇవ్వండి. రెండో ఖాతా కనీస నిల్వ అడగనిదై ఉండాలి. దాని ఏటీఎం కార్డు పర్సులో పెట్టుకోవద్దు. రోజూ టీ కొట్టుకి కట్టే యూపీఐ యాప్‌లో ఆ ఖాతాను కలపొద్దు. వడ్డీ కోసం ఏ బ్యాంకు బాగుంటుందని అడిగేవాళ్లు ఉంటారు. ఇరవై వారాల్లో మెల్లగా నాలుగు వేలకు చేరే డబ్బు మీద రెండున్నర శాతం వడ్డీ లెక్కేస్తే వచ్చేది ఇరవై రూపాయలకు అటూ ఇటూ. దానికోసం ఎవరూ బ్యాంకుల చుట్టూ తిరగనక్కర్లేదు.

2. చిల్లర సూత్రం: పై పదికి సర్దితే సరిపోదు

అమెరికాలో కాఫీ 4 డాలర్ల 35 సెంట్లు ఉంటుంది, పై డాలరుకి సర్దితే 65 సెంట్లు మిగులుతుంది. మన టీ, ఆటో, ఇడ్లీ, పెట్రోలు ఎక్కువగా ఐదుల, పదుల అంకెల్లోనే నడుస్తాయి. 20ని పై పదికి సర్దితే మిగిలేది సున్నా. ఈ తేడాను పట్టించుకోకుండా బయటి యాప్‌ల సూత్రాన్ని దింపేసుకుంటే, వారం రోజులు వాడిన మనిషికి మరీ తక్కువ కనిపించి విసుగొస్తుంది.

ఒక రోజు ఖర్చు తీసుకుని కాగితం మీద చేసి చూడండి. టీ 15, ఆటో 20, టిఫిను 45, కూరగాయలు 68, రీచార్జి 299, పెట్రోలు 200. మొత్తం 647. పై పదికి సర్దితే 5, 0, 5, 2, 1, 0, అంటే 13 రూపాయలు. పై యాభైకి సర్దితే 35, 30, 5, 32, 1, 0, అంటే 103. మొదటిది మరీ చిన్నది. రెండోది ఖర్చులో ఆరో వంతుకి దగ్గరపడింది, జీతం వచ్చిన వారం తప్ప ఇంకెప్పుడూ నడవదు. పైగా 15 రూపాయల టీకి 35 దాచమంటే యూజర్ నవ్వుకుని యాప్ తీసేస్తాడు.

నాకు నచ్చిన సూత్రం ఇది: పై పదికి సర్దు, శేషం సున్నా అయితే ఐదు రూపాయలు వేయి. అదే రోజుకి లెక్క 13కి ఇంకో రెండు ఐదులు కలిసి 23 అవుతుంది. ఆ ఐదును మూడుకో పదికో మార్చుకునే వీలు ఇవ్వండి, అంతకుమించి సెట్టింగులు పెట్టకండి. రోజుకి 50 రూపాయలు దాటకూడదని పైహద్దు పెట్టండి, లేకపోతే పెళ్లి షాపింగు రోజున పూర్ణా మార్కెట్‌లో ఇరవై చోట్ల కట్టిన మనిషికి రాత్రి లెక్క చూసి కళ్లు తిరుగుతాయి. రెండు వేలు దాటిన చెల్లింపులను అసలు లెక్కలోకే తీసుకోకండి. అద్దె, ఫీజు, ఈఎంఐ లాంటివి చిల్లర ఖర్చులు కావు.

ఇంకో బొత్తాం గురించి చెప్పాలి. 2025 ఆగస్టు 15 నుంచి స్త్రీ శక్తి పథకం కింద రాష్ట్రంలో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకి టికెట్ డబ్బు లేదు. రోజూ మద్దిలపాలెం నుంచి బస్సులో పోయే అమ్మాయికి బస్సు ఖర్చే కనిపించదు కాబట్టి చిల్లరా పుట్టదు. ‘ఈరోజు బస్సు టికెట్ మిగిలింది’ అని ఒక బొత్తాం పెట్టి, నొక్కిన ప్రతిసారీ ఆమె ముందే పెట్టుకున్న మొత్తం, పదో పదిహేనో, జమ చేయమని లెక్క రాయండి. మన ఊరివాళ్ల కోసం చేసే యాప్‌కి ఇలాంటి బొత్తాలే విలువ తెస్తాయి.

కోడ్‌లో డబ్బును ఎప్పుడూ పైసల్లో, పూర్ణ సంఖ్యగా దాచండి. 15 రూపాయలంటే 1500. దశాంశ సంఖ్యలతో కూడికలు చేస్తే ఎక్కడో ఒక పైసా అటో ఇటో అవుతుంది, ఆ పైసా గురించి యూజర్ పంపే స్క్రీన్‌షాట్‌కి మీ దగ్గర జవాబు ఉండదు.

3. ఖర్చు జరిగిందని యాప్‌కి ఎలా తెలుస్తుంది

ఎక్కువ సమయం ఇక్కడే పోతుంది, పోనివ్వండి.

బ్యాంకు నుంచి నేరుగా లెక్కలు తీసుకోవడానికి అకౌంట్ అగ్రిగేటర్ అనే ఏర్పాటు ఉంది, 2021 నుంచి నడుస్తోంది. యూజర్ అనుమతిస్తే ఆయన ఖాతా వివరాలు సురక్షితంగా వస్తాయి. అయితే అలా తీసుకునే సంస్థ రిజర్వ్ బ్యాంకు, సెబీ, బీమా రంగాన్ని చూసే ఐఆర్‌డీఏఐ, పెన్షన్లను చూసే పీఎఫ్‌ఆర్‌డీఏల్లో ఏదో ఒకదాని నియంత్రణలో ఉండాలి. మీరు లేరు కాబట్టి ఆ తలుపు ప్రస్తుతానికి మూసి ఉంది.

తరవాత అందరికీ తట్టేది బ్యాంకు ఎస్ఎంఎస్‌లు చదవడం. ఆండ్రాయిడ్‌లో సాధ్యమే. గూగుల్ ప్లే మాత్రం ఎస్ఎంఎస్ అనుమతిని గట్టిగా కట్టడి చేసింది. ఖర్చుల లెక్క చూసే యాప్‌లకి మినహాయింపు ఉన్నా, ప్రత్యేకంగా డిక్లరేషన్ పెట్టి, ఎందుకు కావాలో చూపించి ఒప్పించాలి. ఐఫోన్‌లో వేరే యాప్‌కి ఎస్ఎంఎస్‌లు చదివే దారే లేదు. ఇక అసలు చిక్కు వేరే ఉంది: చిన్న ఖర్చులకి ఎస్ఎంఎస్ రాకపోవచ్చు. వంద లోపు యూపీఐ చెల్లింపులకి సందేశం పంపడం కొన్ని బ్యాంకులు మానేశాయి. యూపీఐ లైట్‌లో అయితే పిన్ లేకుండా వెయ్యి రూపాయల లోపు కట్టేయవచ్చు, ఆ చెల్లింపులు బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఒక్కొక్కటిగా కనపడవు. లైట్‌లోకి డబ్బు నింపిన పద్దు ఒక్కటే కనిపిస్తుంది. టీ, ఆటో, ముంత మసాలా, అంటే మీ యాప్‌కి కావలసిన ఖర్చులన్నీ సరిగ్గా ఇక్కడే దాక్కుంటాయి.

అందుకే మొదటి వెర్షన్‌లో చేత్తో రాసే పద్ధతే పెట్టండి. ఫోన్ హోమ్ తెర మీద ఒక విడ్జెట్, అందులో నాలుగు పెద్ద బొత్తాలు: టీ, ఆటో, టిఫిను, కూరగాయలు. టీ బొత్తాం నొక్కితే గతసారి ఎంతో అదే మొత్తం మళ్లీ పడాలి, మార్చాలంటే నొక్కి పట్టుకోవాలి. రెండు సెకన్లలో అయిపోవాలి. ఇంత ఆధునికంగా ఉండి చేత్తో రాయించడమేమిటని మీ స్నేహితులు ఎకసెక్కం చేయవచ్చు. నా లెక్కలో అది లోపం కాదు. తానే నొక్కిన బొత్తాం వల్ల దాచాల్సింది పెరుగుతుంటే మనిషికి ఆ డబ్బు మీద పట్టు ఉంటుంది.

రెండో వెర్షన్‌లో నెలకోసారి బ్యాంకు స్టేట్‌మెంట్ పీడీఎఫ్‌ను యాప్‌లోకి షేర్ చేసే వీలు పెట్టండి. చాలా బ్యాంకులు దానికి పాస్‌వర్డ్ పెడతాయి. ఆ పాస్‌వర్డ్ ఫోన్‌లోనే వాడి వదిలేయండి, దాచకండి. ప్రతి యూపీఐ చెల్లింపుకీ 12 అంకెల రిఫరెన్స్ నంబరు ఉంటుంది. దాన్ని తాళంచెవిగా పెట్టుకుంటే ఒకే ఖర్చు రెండుసార్లు లెక్కలో పడదు.

ఎస్ఎంఎస్‌ల దగ్గరికి ఆ తరవాతే వెళ్లండి. వెళితే కొన్ని జాగ్రత్తలు. ఓటీపీ ఉన్న సందేశం కనపడగానే చదవకుండా పక్కన పడేయాలి, ఆ పని అన్నిటికంటే ముందు జరగాలి. పంపినవారి పేరు చివర హైఫన్ తరవాత పీ అక్షరం ఉంటే అది ప్రచార సందేశం, దాన్నీ వదిలేయండి. ‘మీకు 5,00,000 లోన్ మంజూరైంది’ అన్నదాన్ని ఖర్చుగా లెక్కేసిన యాప్‌ను ఎవరూ రెండో రోజు తెరవరు. చదివినదంతా ఫోన్‌లోనే ఉండాలి, మీ సర్వరుకి ఒక్క సందేశం కూడా పోకూడదు.

ఏ దారిలో వచ్చినా కొన్ని పద్దులను తీసేయాలి: సొంత ఖాతాల మధ్య బదిలీలు, క్రెడిట్ కార్డు బిల్లు, యూపీఐ లైట్ నింపడం, ఇంటికి పంపిన డబ్బు. కట్టిన డబ్బు ఫెయిలై వెనక్కి వచ్చినప్పుడు దాని చిల్లర కూడా వెనక్కి పోవాలి. మరీ ముఖ్యంగా, యాప్ చెప్పిందని రెండో ఖాతాకి పంపిన 140 రూపాయలను కూడా ఒక ఖర్చుగా చదివి, దాని మీద మళ్లీ చిల్లర వేయకుండా చూసుకోండి. పరీక్షించేటప్పుడు మొదట దీన్నే పరీక్షించండి.

4. డబ్బు కదిలించడం

ప్రతి టీకీ ఐదు రూపాయల బదిలీ జరిగితే పాస్‌బుక్ పేజీలు చాలవు. చిల్లరను యాప్‌లో బాకీగా రాసుకుంటూ పోండి, వారానికోసారి మొత్తం కలిపి ఒక్కసారే పంపమని అడగండి. ఆదివారం ఉదయం బాగుంటుంది. సోమవారం అందరికీ హడావిడి, శనివారం సాయంత్రం బీచ్ రోడ్డు మీద ఎవరూ పొదుపు గురించి వినరు.

యూపీఐ ఆటోపేతో తనంతట తానే కోసుకునేలా చేయవచ్చు కదా అంటారా? ఆటోపేలో డబ్బు చేరేది వ్యాపారి ఖాతాకి. మీరే ఆ వ్యాపారి అయితే మళ్లీ మొదటి మెట్టులోని డిపాజిట్ గొడవలోకి వచ్చి పడతారు. బ్యాంకుతోనో ఫండ్ సంస్థతోనో ఒప్పందం కుదిరి, డబ్బు నేరుగా వాళ్లకే వెళ్లే రోజున ఆటోపే పెట్టండి. అప్పుడు కూడా కోతకి 24 గంటల ముందు యూజర్‌కి సమాచారం వెళ్లాలన్న నిబంధన ఉంటుంది, దానికి తగ్గట్టే వారపు తేదీలు అమర్చుకోవాలి.

యూజర్‌కి కలెక్ట్ రిక్వెస్టు, అంటే డబ్బు పంపమని అడిగే యూపీఐ సందేశం, పంపుదామనుకుంటే, మనిషికీ మనిషికీ మధ్య కలెక్ట్ పద్ధతిని యూపీఐ నడిపే సంస్థ ఎన్‌పీసీఐ 2025 అక్టోబరు 1 నుంచి ఆపేసింది. బయటి యాప్ నుంచి లింకు ద్వారా చెల్లింపు యాప్ తెరిచి, వ్యక్తిగత యూపీఐ ఐడీకి డబ్బు పంపబోతే భద్రత పేరుతో తిరస్కరించడం కూడా మామూలే. కాబట్టి అతి సాధారణమైన ఏర్పాటు చేయండి: ‘ఈ వారం 140 రూపాయలు’ అని పెద్ద అక్షరాలతో చూపించి, యూజర్ రెండో ఖాతా యూపీఐ ఐడీ కాపీ అయ్యే బొత్తాం ఒకటి పెట్టండి. ఆయన తన చెల్లింపు యాప్‌లో పంపుకుని తిరిగి వచ్చి ‘పంపాను’ నొక్కుతాడు. అబద్ధం చెబితే ఎలా అని భయపడకండి, ఆయన డబ్బు ఆయనది. నెలాఖరున రెండో ఖాతా నిల్వ ఎంతో చూసి రాయమని అడిగితే లెక్క సరిపడుతుంది.

యూపీఐ పిన్, ఓటీపీ, కార్డు నంబరు మీ యాప్‌లో ఏ తెర మీదా అడగకూడదు. ‘ఈ యాప్ పిన్ ఎప్పుడూ అడగదు’ అని సెట్టింగుల్లో ఒక మూల కాదు, మొదటి తెరలోనే రాయండి.

5. ప్రయాణానికి రెండు తేదీలు ఉంటాయి

ప్రయాణాల పొదుపుకీ మామూలు పొదుపుకీ తేడా ఇక్కడుంది. లక్ష్యం పెట్టేటప్పుడు అన్ని యాప్‌లూ ‘ఎప్పుడు వెళతారు’ అని అడుగుతాయి. డబ్బు చేతికి కావాల్సింది ఆ రోజు కాదు, టికెట్లు తెరిచే రోజు. రైల్వే ముందస్తు రిజర్వేషన్ గడువు 2024 నవంబరు 1 నుంచి 120 రోజుల నుంచి 60 రోజులకి తగ్గింది. తిరుమల 300 రూపాయల దర్శనం టికెట్లు దాదాపు మూడు నెలల ముందే విడుదలవుతాయి. కాబట్టి ఒక్కో ప్రయాణానికి రెండు కుండీలు పెట్టండి: మొదటిది టికెట్ల డబ్బు, రెండోది అక్కడి ఖర్చు. చిల్లర ముందు మొదటి కుండీలోనే పడాలి.

అరకు ఉదాహరణగా లెక్క చేద్దాం. కొత్తవలస నుంచి కిరండూల్ వెళ్లే లైను మీద సొరంగాలు దాటుకుంటూ, బొర్రా గుహల మీదుగా పోయే ఆ రైలుకి 2017లో అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె తగిలించారు. చలికాలంలో దానికి గిరాకీ ఎక్కువ. ఇద్దరికి రానూపోనూ, ఒక రాత్రి బస, బొంగు చికెన్‌తో సహా యూజర్ వేసుకున్న లెక్క 4,000 అనుకుందాం. జూలై మధ్యలో మొదలుపెట్టి డిసెంబరు మొదట్లో వెళ్లాలంటే ఇరవై వారాలు. వారానికి 200 కావాలి. రోజుకి 20 చొప్పున చిల్లర పడితే వారానికి 140, ఇరవై వారాలకి 2,800. ఇంకా 1,200 తక్కువ.

ఈ 1,200 తక్కువన్న మాట మొదటి రోజే చెప్పండి. చిల్లరతోనే అండమాన్ వెళ్లొచ్చన్నట్టు మాట్లాడే ప్రకటనలు వేరేవాళ్లకి వదిలేయండి. ఆ మధ్యలో ఐదు జీతాలు పడతాయి కాబట్టి ‘ప్రతి ఒకటో తారీఖున 240 వేస్తే సరిపోతుంది, లేదా ప్రయాణాన్ని తొమ్మిది వారాలు జరపండి’ అని రెండు దారులు చూపించి యూజర్‌నే ఎంచుకోమనండి. రైలు టికెట్ అక్టోబరు మొదట్లోనే కొనాలి కనక, మొదటి కుండీ అప్పటికి నిండుతుందో లేదో వేరుగా చూపించాలి.

అండమాన్ మాట వచ్చింది కాబట్టి చెబుతాను. మన రేవు నుంచి పోర్ట్ బ్లెయిర్‌కి, ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్నారు, ఓడ నడుస్తుంది, దాదాపు రెండున్నర రోజుల ప్రయాణం. రైలులా రోజూ ఉండదు, ఎప్పుడు బయల్దేరేదీ చాలా ముందుగా తెలియదు. ఇలాంటి ప్రయాణాలకి తేదీ లేని లక్ష్యం పెట్టుకునే వీలు ఉండాలి: మొత్తం నిండగానే ‘సిద్ధం’ అని చూపించి, ఓడ తేదీ పడేదాకా ఆ కుండీని అలాగే ఉంచాలి. లంబసింగి, వంజంగి లాంటివి ఇందుకు పూర్తిగా విరుద్ధం. చలి పడితే శుక్రవారం రాత్రి అనుకుని శనివారం బయల్దేరతారు. టికెట్ల కుండీ అక్కర్లేదు, పెట్రోలు డబ్బుంటే చాలు.

6. తెరలు, తెలుగు

మూడు తెరలు చాలు: చిల్లర వేసేది, ప్రయాణం చూపించేది, వారం లెక్క చూపించేది. ఫోన్‌లోనే ఎస్‌క్యూలైట్ డేటాబేస్, అందులో ఖర్చులు, చిల్లర, బదిలీలు, ప్రయాణాలు అని నాలుగు పట్టికలు. మొదటి వెర్షన్‌కి సర్వరు అక్కర్లేదు. ఫోన్ మారినప్పుడు లెక్క పోకుండా ఒక ఫైలుగా తీసుకునే వీలు మాత్రం ఇవ్వండి.

తెలుగును చివర్లో అనువాదంగా అతికించకండి, మొదటి నుంచీ తెలుగులోనే కట్టండి. బొత్తాల ఎత్తు ఇంగ్లిషు అక్షరాలకి సరిపడేలా పెడితే కింద ఒత్తులు తెగిపోతాయి. ‘ఖర్చు’, ‘లక్ష్యం’, ‘రాష్ట్రం’ అని రాసి తక్కువ ధర ఫోన్ మీద చూస్తే మీకే తెలుస్తుంది. నోటిఫికేషన్లలో తెలుగు వాక్యం పొడుగై సగంలో తెగుతుంది కాబట్టి పంపాల్సిన డబ్బు అంకెల్లో అన్నిటికంటే మొదట రావాలి: ‘140 పంపితే అరకు టికెట్ సగం వచ్చినట్టే.’ సంఖ్యలు లక్షల పద్ధతిలో, 1,00,000 అని విడగొట్టాలి. యూజర్‌ను మీరు అనే పిలవండి. యువతకి దగ్గరవుదామని ‘ఏటి గురూ, ఈ వారం ఏమీ వెయ్యలేదేటి’ అని పెడితే మొదటిసారి నవ్వొస్తుంది, నాలుగోసారి ఒళ్లు మండుతుంది. దాచలేని వారం గురించి సణగకపోవడమే మర్యాద.

7. అనుమతులు, పరీక్ష, ప్లే స్టోర్

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చదవండి, చిన్నదే. ఏ సమాచారం ఎందుకు తీసుకుంటున్నారో చెప్పే నోటీసును యూజర్ కోరితే రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలు భాషల్లో దేనిలోనైనా చదువుకునే వీలుండాలి, తెలుగు అందులో ఉంది. 18 ఏళ్లు నిండనివాళ్లయితే తల్లిదండ్రుల అంగీకారం నిర్ధారించుకోవాలి. ఆ తలనొప్పి వద్దనుకుంటే యాప్‌ను 18 దాటినవాళ్లకే పరిమితం చేయండి. సమాచారం ఫోన్ దాటి బయటికి రాకపోతే ఈ పనిలో ముప్పాతిక వంతు తగ్గుతుంది.

గూగుల్ ప్లే ఖాతాకి ఒకేసారి 25 డాలర్లు. ఆపిల్‌కి ఏటా 99 డాలర్లు, అది తరవాత చూడవచ్చు. కొత్తగా వ్యక్తిగత ఖాతా తెరిచినవాళ్లు యాప్‌ను అందరికీ విడుదల చేయాలంటే కనీసం 12 మంది టెస్టర్లతో వరసగా 14 రోజులు క్లోజ్డ్ టెస్ట్ నడపాలి. ఆర్థిక సేవల డిక్లరేషన్ ఫారం కూడా నింపాలి.

ఆ 12 మందిని మీ ఆఫీసులో పక్క సీట్ల నుంచే పట్టుకురాకండి. ఉక్కు ఫ్యాక్టరీలో షిఫ్టు డ్యూటీ చేసే ఒకరు, రైతుబజారులో కూరగాయలు అమ్మే ఒకరు, యూనివర్సిటీ హాస్టలు విద్యార్థులు ఇద్దరు, రుషికొండ ఐటీ ఉద్యోగి, పెన్షను తీసుకునే మాస్టారు, ఇల్లు నడిపే గృహిణి, ఇలా కలపండి. అమ్మేవాళ్లకి రోజంతా డబ్బు వస్తుంది, పోతుంది. వాళ్లకి చిల్లర ఖర్చు మీద కాకుండా అమ్మకం మీద వేయాలని మీకు అక్కడే తెలుస్తుంది. కొన్ని ఫోన్లు బ్యాటరీ మిగల్చడానికి యాప్‌లను నిద్రపుచ్చుతాయి, ఆదివారం గుర్తుచేయడం అసలు మోగదు. పక్కన కూర్చుని వాళ్ల ఫోన్లలోనే చూడాలి, ఫారాలు పంపి అభిప్రాయాలు అడిగితే అందరూ ‘బాగుంది’ అనే రాస్తారు.

8. స్నేహితులతో కలిసి దాచేవాళ్లకి

ఇది అందరూ అడుగుతారు. నలుగురు కలిసి లంబసింగి వెళ్లాలి, నలుగురూ ఒకే కుండీలో వేయాలి. డబ్బు ఒకరి ఖాతాలో చేరడం మొదలైతే మీ యాప్ చీటీల వ్యవహారం వైపు జారుతుంది. వంతులవారీగా మొత్తం ఒకరికి ఇచ్చే ఏర్పాటైతే 1982 నాటి చిట్ ఫండ్ల చట్టం వర్తిస్తుంది, నమోదు లేకుండా నడపకూడదు. ఎవరి డబ్బు వారి ఖాతాలోనే ఉంచి, నలుగురి పురోగతిని ఒకే తెర మీద గీతలుగా చూపించండి. ఎన్ని రూపాయలో చూపించకండి, శాతాలు చాలు; ఎవరి జీతం ఎంతో పక్కవాడికి తెలియనక్కర్లేదు. టికెట్లు కొనే రోజున ఎవరి వాటా ఎంతో లెక్క తేల్చి, కొనేవాడికి మిగతా ముగ్గురూ పంపుకుంటారు.

కుండీని మధ్యలో పగలగొట్టే బొత్తాం దాచిపెట్టకండి. ఆసుపత్రి ఖర్చు వచ్చిన మనిషి ఐదు తెరలు వెతుక్కోకూడదు. ఒక్క ప్రశ్న అడగండి, ‘ప్రయాణం ఆపేయాలా, జరపాలా?’ జరపమంటే మిగిలినదాంతో కొత్త తేదీ లెక్క కట్టి చూపించండి. టికెట్ రద్దయి డబ్బు వెనక్కి వస్తే, అది రోజువారీ ఖాతాలోనే పడుతుంది కనక, తిరిగి కుండీకి పంపమని ఆ వారం లెక్కలో కలిపి అడగండి. కోత పోగా వచ్చిన మొత్తాన్నే రాయాలి, కొన్న ధరను కాదు.